పది టిక్కీల కమాన్లు

సత్తెనపల్లి చుట్టుపక్కల కమాన్ల పానకాలు అంటే తెలియని లారీ డ్రైవరు ఉండడు. ఉన్నాడంటే నిన్నో మొన్నో లైసెన్సు తీసుకున్నవాడై ఉండాలి. ఊరి చివర కోల్డ్ స్టోరేజీ గోడకు ఆనించి వేసిన రేకుల షెడ్డు అతనిది. బోర్డు మీద అక్షరాలు ఎండకు వెలిసిపోయి ఏళ్ళయింది. కొత్తది రాయించమంటే "నాకోసం వచ్చేవాడికి బోర్డెందుకు, నేనెవరో తెలియనోడికి నాతో పనేంది" అంటాడు. అంత పొగరు మనిషి. పొగరుకు తగ్గ పనితనం కూడా ఉంది, అది కాదనలేం.

చిలకలూరిపేటలో పని నేర్చుకున్నాడు. ఉక్కు పట్టీలను కొలిమిలో కాల్చి, వంపు తిప్పి, పొడుగుది పైన, పొట్టిది కింద పేర్చి బోల్టు బిగిస్తే కమాన్ కట్ట అవుతుంది. బండి బరువంతా దాని మీదే ఊగుతుంది. ముప్పై ఏళ్ళపాటు లారీలకూ ట్రాక్టర్ ట్రక్కులకూ అవే కట్టాడు. ఈ నాలుగైదేళ్ళుగా జీపులు కూడా రావడం మొదలుపెట్టాయి. కుర్రకారుకు జీపు ఎత్తు లేపే సరదా పట్టింది. కంపెనీ ఇచ్చిన కమాన్లు పీకించి, వంపు ఎక్కువున్నవి వేయించి, పొడుగు షాక్ అబ్జార్బర్లు పెట్టించి, ఏనుగు పాదాల్లాంటి టైర్లు తొడిగి, పక్కన నిలబడి ఫోటోలు దిగుతారు. రైతుకైతే అది సరదా కాదు. నాలుగు చినుకులు పడితే పొలాల మధ్య రేగడి డొంకదారిలో చక్రాలు తొక్కిన గాళ్ళు మోకాలి లోతు దిగుతాయి. ఎత్తు లేని బండి పొట్ట మట్టికి ఆనుకుని అక్కడే ఆగిపోతుంది.

ఎవరొచ్చినా పానకాలు అడిగే మొదటి మాట ఒక్కటే.

"ఎన్ని టిక్కీలు?"

టిక్కీ అంటే ఎండు మిరపకాయలు కూరి కుట్టిన గోతం. నలభై కిలోల పైమాటే. పక్కన కోల్డ్ స్టోరేజీలో అవి కొండలుగా ఉంటాయి, హమాలీలంతా తెలిసినవాళ్ళు. కమాన్లు బిగించాక ఆ టిక్కీలే నాలుగు తెప్పించి, పది తెప్పించి, బండిలో వేయించి, ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య జాన పెట్టి చూస్తాడు. జానెడు సందు మిగిలితే పని కుదిరినట్టు. పది టిక్కీలకు ఇంత మందం పట్టీ, ఇరవైకి ఇంత అని అతని దగ్గర ఒక లెక్క ఉంది. గుంటూరు నుంచి ఒక కుర్రాడు జీపేసుకొచ్చి ఫోన్లో ఏవేవో బొమ్మలు చూపిస్తూ అరగంట మాట్లాడితే, అంతా విని "సరే గానీ, ఎన్ని టిక్కీలు?" అన్నాడు. ఆ బండి జన్మలో మిరపకాయ మొహం చూడదు. అయినా ఆ కుర్రాడు ఏం చెప్పాలో తోచక "పది" అన్నాడు. పదికి సరిపడా మందపాటి పట్టీలతో నాలుగు కట్టలు తయారయ్యాక అతను మళ్ళీ రాలేదు, ఫోనూ ఎత్తలేదు. ఏడాదిన్నరపాటు అవి షెడ్డు మూల దుమ్ము తిన్నాయి.

పానకాలు బతుకులో మచ్చ ఏదంటే ఆ నాలుగు కట్టలే. దాన్నెవరూ అంటించలేదు, తన చేతులతో తనే అంటించుకున్నాడు.

మొన్న ఫిబ్రవరిలో, మిరప కోతలు జోరుగా ఉన్న రోజుల్లో, మునగలపాడు నుంచి వీరబాబు అనే రైతు పాత జీపొకటి తెచ్చాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి, నెమ్మదైన మనిషి. షెడ్డు ముందు అప్పటికే నాలుగు ట్రాక్టర్లున్నాయి, చుట్టూ జనం ఉన్నారు.

"మేస్త్రీ గారూ, వానాకాలం మా డొంకలో పొట్ట ఆనుద్దండి. మూడంగుళాలు లేపాలి" అన్నాడు వీరబాబు.

"ఎన్ని టిక్కీలు?"

వీరబాబు తటపటాయించాడు. "టిక్కీలంటే... ఎప్పుడన్నా వేస్తే ఓ పది వేస్తానేమో. ఎక్కువ మా అక్క ఎక్కుద్దండి. వారానికి రెండుసార్లు గుంటూరు ఆస్పత్రికి..."

"మీ అక్కేమన్నా ఇరవై టిక్కీల బరువుంటదా ఏందయ్యా!"

షెడ్డంతా గొల్లున నవ్వింది. వీరబాబు కూడా నవ్వాడు. అంతమందిలో నవ్వక ఏం చేస్తాడు?

పానకాలు చూపు మూలనున్న కట్టల మీదికి పోయింది. వెల్డింగ్ చేసే బుడాన్ అది కనిపెట్టాడు. ఇద్దరూ పాతికేళ్ళుగా ఒకే షెడ్డు కింద ఉన్నారు, ఒకరి చూపు ఒకరికి తెలుసు.

"అన్నా, అయ్యి పది టిక్కీలకి చేసినయ్యి. ఖాళీ బండికి రాయిలాగుంటయ్. మనిషి కూర్చునేదంటన్నాడు గదా, ఆస్పత్రంటన్నాడు. పల్చటి పట్టీలు ఏడు కడదాం" అన్నాడు చెవి దగ్గరికొచ్చి.

"అయ్యి కట్టటానికి నాలుగు రోజులు పట్టుద్ది. సీజన్లో నాలుగు రోజులు ఎవడిస్తాడ్రా? బిగించు."

సాయంత్రానికి జీపు ఎత్తు లేచింది. పది టిక్కీలు వేసి చూస్తే లెక్క ప్రకారం జానెడు సందు ఉంది. వీరబాబు ఒక చుట్టు తిప్పుకుని వచ్చి, "కొంచెం గట్టిగా ఉన్నట్టున్నయ్యండి" అన్నాడు భయం భయంగా.

"కొత్తయ్యి గదయ్యా. తొక్కగా తొక్కగా మెత్తబడతయ్."

ఆ మాట అబద్ధం. కొత్త కమాను కొన్నాళ్ళకు కాస్త కుంగుతుంది, ఎత్తు వేలెడు తగ్గుతుంది, అంతే. మందపాటి పట్టీ ఎన్నేళ్ళు తొక్కినా మందపాటి పట్టీయే. ఆ సంగతి పానకాలుకు తెలిసినంతగా ఆ చుట్టుపక్కల ఇంకెవరికీ తెలియదు. తెలిసే చెప్పాడు, చెప్పి పక్క ట్రాక్టరు కిందికి దూరాడు, రాత్రికి మరిచిపోయాడు.

అక్టోబరులో, ముసురు పట్టిన వారంలో, పానకాలుకు మునగలపాడులోనే పని పడింది. బురదలో దిగబడిన ట్రక్కుకు కమాన్ పట్టీ విరిగితే చూడటానికి పొద్దున్నే బండేసుకుని వెళ్ళాడు. తిరిగి వస్తుంటే డొంక మధ్యలో రేగడి మట్టి మోటార్ సైకిలు చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య కూరుకుపోయి బండి కదలనంది. పుల్ల పెట్టి గోకుతూ, మట్టినీ వాననూ తిడుతూ ఉండగా వెనక జీపు హారను వినిపించింది.

"మేస్త్రీ గారూ, అది ఇప్పుడు కదలదు గానీ ఎక్కండి. సత్తెనపల్లి మీంచే పోతన్నాం" అన్నాడు వీరబాబు.

బండిని గట్టు మీదికి లాగి, పానకాలు ముందు సీట్లో ఎక్కాడు. వెనక అడ్డబల్ల మీద ఒకావిడ కూర్చుని ఉంది. యాభై ఏళ్ళుంటాయేమో, డెబ్భై ఉన్నట్టుంది. కింద పత్తి బోరాలు నాలుగు మడతలు పెట్టి వేసుకుంది. ఎడమ చేతికి తువ్వాలు చుట్టి గుండెకు అదుముకుని, కుడిచేత్తో పైకమ్మీ పట్టుకుంది.

జీపు కదిలింది. ఆ గాళ్ళలో ఏ బండీ ఆడదు. ఈ బండి మాత్రం ఎక్కడా పొట్ట ఆనకుండా దర్జాగా పోతోంది. పానకాలు లోపల మీసం మెలేసుకున్నాడు. అంతలో మొదటి గతుకు వచ్చింది. నడుం నుంచి నడినెత్తి దాకా ఒక్క పోటు పొడిచింది. రెండో గతుకుకు పళ్ళు టకామన్నాయి. అద్దంలో చూశాడు. వెనకావిడ బల్ల మీంచి జానెడు ఎత్తు లేచి, మళ్ళీ బోరాల మీద పడింది. తువ్వాలు చుట్టిన చేతిని ఇంకా గట్టిగా అదుముకుంది.

"ఆ చేతికేనండి సూదులు గుచ్చేది. దెబ్బ తగిలితే నరం పాడైద్దన్నారు" అన్నాడు వీరబాబు. అక్క పేరు పేరమ్మ అనీ, అమ్మ పోయాక తనను పెంచింది ఆవిడేననీ, రెండేళ్ళుగా కిడ్నీలు పనిచేయక డయాలసిస్ మీద ఉందనీ చెప్పాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "నాకు నడపటం చేతకావట్లేదండి. మెల్లగా పోయి చూశా, గాళ్ళు తప్పించి చూశా. ఎట్టా పోనిచ్చినా అక్క ఎగిరి పడతంది. మీరు బ్రహ్మాండంగా చేసిచ్చారు, నా చేతిలోనే ఏదో లోపం ఉంది."

నీ చేతిలో కాదయ్యా, నా చేతిలో అనే మాట పానకాలు నోటి చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

"ఎవర్రా ఆయన?" అంది పేరమ్మ వెనకనుంచి.

"కమాన్లేసిన మేస్త్రీ గారక్కా."

"నువ్వేనా అన్నయ్యా!" ఆవిడ మొహం విప్పారింది. "నీ చెయ్యి చల్లగుండాలి. పోయిన వానాకాలం మూడుసార్లు ఈ డొంకలో దిగబడిపోయాం. ఒకసారైతే ఊపిరాడక నేను పోయాననే అనుకున్నారు, మంచం మీద మోసుకుపోయారు. ఈ ఏడు ఒక్కసారి గూడా ఆగలా." గతుకు వచ్చింది, ఎగిరిపడింది, సర్దుకుంది. "కమాన్లు గూడా మెత్తబడతన్నయ్. తొక్కగా తొక్కగా మెత్తబడతయ్యని నువ్వు చెప్పావంటగా. నిజమే, మొన్నటి కంటే ఇయాళ నయం."

మొన్నటి కంటే ఇవాళ నయం అయ్యే అవకాశమే లేదు. ఎనిమిది నెలలుగా ఈవిడ తన అబద్ధాన్ని నమ్ముకుని, వారానికి రెండుసార్లు ఆ బల్ల మీద ఎగిరి పడుతూ, కొంచెం మెత్తబడ్డాయేమో అని వెతుక్కుంటోంది. పానకాలుకు సిగ్గుతో చెవులు కాలాయి.

"అప్పట్లో కోతలకి పోయి, నేనే కుట్టిన టిక్కీ నేనే నెత్తికెత్తుకునేదాన్నన్నయ్యా. ఇప్పుడు ముప్పయ్యారు కేజీలు. మిషనెక్కించేముందు కాటా వేస్తారు గదా, అక్కడ చూశా. టిక్కీ కంటే నేనే తేలిక" అని నవ్వింది పేరమ్మ.

మీ అక్కేమన్నా ఇరవై టిక్కీల బరువుంటదా అని తను వేసిన జోకు గుర్తొచ్చింది. షెడ్డంతా నవ్విన నవ్వు, వీరబాబు నవ్వలేక నవ్విన నవ్వు కూడా గుర్తొచ్చాయి. సత్తెనపల్లిలో దిగేటప్పుడు పానకాలు వీరబాబు మొహం చూడకుండా, "రేపోసారి బండి తీసుకురావయ్యా, చూస్తా" అని మాత్రం అనగలిగాడు.

ఆ రోజంతా షెడ్డులో ఎవరిని చూసినా కస్సుమన్నాడు. స్పానరు కనబడకపోతే బుడాన్ మీద విరుచుకుపడ్డాడు.

"నామీద అరుస్తావేంది? ఆ రోజే చెప్పా, ఖాళీ బండికి రాయిలాగుంటయ్యని" అన్నాడు బుడాన్. జీపులో జరిగింది బుడాన్‌కు తెలియదు. అయినా పానకాలు కోపం ఎక్కడిదో ఇట్టే పట్టేశాడు.

మర్నాడు వీరబాబు జీపు వదిలిపెట్టి, సాయంత్రం వస్తానని వెళ్ళాడు. పానకాలు కోల్డ్ స్టోరేజీకి పోయి ఒక టిక్కీ అడిగాడు. పది అడిగే మనిషి ఒకటి అడిగేసరికి హమాలీ జక్రయ్య వింతగా చూశాడు. కుట్టు విప్పించి, కాటా మీద పెట్టించి, ముప్పయ్యారు కిలోలు చూపించేదాకా కాయలు తీయించాడు. మళ్ళీ కుట్టించి, జీపు వెనక బల్ల మీద పేరమ్మ కూర్చునే చోట పెట్టించాడు. బుడాన్‌ను నడపమని, తను ముందు సీట్లో వెనక్కి తిరిగి కూర్చున్నాడు.

షెడ్డు వెనక మట్టి బాటలో రెండో గతుక్కే టిక్కీ ఎగిరింది. నాలుగో గతుక్కి బల్ల మీంచి జారి కింద పడింది. బుడాన్ బండి ఆపాడు. పానకాలు దిగలేదు. కిందపడ్డ టిక్కీని చూస్తూ కూర్చున్నాడు. పేరమ్మ పడలేదు, ఎందుకంటే ఆవిడకు పట్టుకోవడానికి ఒక చెయ్యి మిగిలింది. ముప్పై అయిదేళ్ళుగా బండి ఎంత మోస్తుందో చూశాడు గానీ, బండిలో ఉన్నది ఎలా మోయబడుతోందో ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.

బస్సెక్కి గుంటూరు ఆటోనగర్‌లో మొహిద్దీన్ బాషా కొట్టుకు పోయాడు. బాషా అక్కడ తలనెరిసిన స్పేర్ పార్టుల వ్యాపారి. లిఫ్ట్ చేసిన జీపుకని చెప్పగానే ఎర్ర రంగు గ్యాస్ షాక్ అబ్జార్బర్లు, కమాన్ కన్నాల్లో దూర్చే పసుపు రంగు గట్టి బుష్షులు బల్ల మీద పరిచాడు.

"ఇప్పుడు కుర్రాళ్ళందరూ ఇవే అడుగుతున్నారు. నువ్వు చెప్పు, ఎన్ని టిక్కీలకి?" అన్నాడు బాషా. పానకాలు మాట గుంటూరు దాకా పాకింది మరి.

"ఒక్క టిక్కీ గూడా లేదు భాయ్. ముప్పయ్యారు కేజీలు."

"పసిపిల్లా?"

"పెద్దావిడ. డయాలసిస్‌కి తీసుకెళ్ళే బండి."

బాషా ఎర్రవీ పసుపువీ లోపల పెట్టేశాడు. ఇద్దరూ కలిసి చాలాసేపు ఏరారు. ఎత్తు తగ్గకూడదు, తగ్గితే డొంకలో ఆగుతుంది, ఆగితే డయాలసిస్ తప్పుతుంది. అందుకని వంపు అంతే ఉంచి, మందపాటి పట్టీలు మూడున్న చోట పల్చటివి ఏడు అనుకున్నారు. షాక్ అబ్జార్బర్లు రంగుల్లేని మామూలు ఆయిల్‌వి, మెత్తగా దిగి మెల్లగా లేచేవి, పొడుగు సరిపోయేవి తీశారు. బుష్షులు రబ్బరువే. బ్రేకు గొట్టం లాగకుండా రెండంగుళాలు పొడుగుది. బాషా ప్రతి షాక్ అబ్జార్బరునూ నేల మీద నిలబెట్టి, అరచేత్తో నొక్కి, అది తిరిగి లేచే తీరు చూసి ఇచ్చాడు.

జీపు నాలుగు రోజులు షెడ్డులో ఉండాల్సిందే. సాయంత్రం వచ్చిన వీరబాబుకు ఆ మాటే చెప్పి పంపాడు. మధ్యలో వచ్చే ఆస్పత్రి రోజున పానకాలు తనే కారు మాట్లాడి డొంక మొదటికి పంపాడు. అక్కడిదాకా ట్రాక్టరు మీద తీసుకొచ్చారట. అది వినడానికే అతనికి కష్టంగా ఉంది. సీజన్లో ఎవడిస్తాడ్రా అన్న నాలుగు రోజులు అవే. పట్టీ పట్టీకీ మధ్య గ్రీజు తనే రాశాడు. వెనకవైపు ఎక్కడానికి వీలుగా బుడాన్ చేత ఒక మెట్టు వెల్డింగ్ చేయించాడు. చివర్న ఆ ముప్పయ్యారు కిలోల టిక్కీని మళ్ళీ బల్ల మీద పెట్టి, అదే బాటలో తిప్పాడు. టిక్కీ కొంచెం ఊగింది, ఎగరలేదు. మూడుసార్లు తిప్పించాడు.

వీరబాబు వచ్చినప్పుడు నిజం చెప్పాలనే అనుకున్నాడు. తీరా మనిషి ఎదుట నిలబడేసరికి, "సర్వీసు చేశాలే. బుష్షులూ అవీ మార్చా. డబ్బులేమీ వద్దు. ఇక టిక్కీలు మాత్రం వేయబాక" అన్నాడు. కొత్త కట్టలకు కూడా నల్ల రంగే వేశాడు గనక వీరబాబుకు తేడా తెలియలేదు.

"వేయనండి. ఇంతవరకు ఒక్కటి గూడా వేయలా" అన్నాడు వీరబాబు.

రెండు రోజుల తర్వాత ఉదయం జీపు షెడ్డు ముందు ఆగింది. వెనక బల్ల మీంచి పేరమ్మ చెయ్యి ఊపింది. కమ్మీ పట్టుకునే కుడి చెయ్యి అది.

"అన్నయ్యా, నువ్వన్నట్టే మెత్తబడినయ్! మాట చెప్పి పోదామని ఆపించా. ఎనిమిది నెల్లు పట్టింది గానీ మెత్తబడినయ్. వీడు నమ్మేవోడు కాదు, నేనే చెప్పేదాన్ని, ఆయన మాట పోదురా అని."

పానకాలు చేతులు తుడుచుకుంటున్న గుడ్డ కింద పడేశాడు. ఇప్పుడు ఊరుకుంటే ఇక జన్మలో ఎవరికీ తెలియదు. బుడాన్ చెప్పడు. బాషాకు సగమే తెలుసు. ఆవిడ దీవిస్తూనే ఉంటుంది, తను ఆ దీవెన తింటూనే ఉంటాడు. అది తనవల్ల కాదని తెలిసిపోయింది.

జీపు వెనక్కి నడిచి వచ్చి, మెట్టు దగ్గర నిలబడ్డాడు. "మెత్తబడలేదమ్మా. అవి ఎప్పటికీ మెత్తబడవు. అవి పది టిక్కీలకు చేసినయ్యి. ఎవరో తీసుకెళ్ళక మూల పడున్నయ్యని మీ బండికి బిగించా. ఇప్పుడున్నయ్యి వేరేయి, మొన్న వేశా. మీ తమ్ముడి డ్రైవింగులో ఏ లోపం లేదు. మెత్తబడతయ్యని చెప్పిన రోజే అది అబద్ధమని నాకు తెలుసు."

వీరబాబు స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ముందుకే చూస్తున్నాడు. పేరమ్మ నవ్వు వెంటనే పోలేదు, ఏం చేయాలో తెలియనట్టు కాసేపు మొహం మీదే ఉండి, తర్వాత పోయింది.

"మావాడు ఆ రోజు నాగురించి నీకు చెప్పలా?" అంది.

"చెప్పాడమ్మా."

ఆవిడ తువ్వాలు చుట్టిన చేతిని ఒళ్ళో సర్దుకుంది. తిట్టి ఉంటే బాగుండేది, పానకాలు ఆ తిట్లు మోసుకుని తన పనిలోకి పోయేవాడు.

"పోనీరా, టైమవుతంది" అంది తమ్ముడితో.

జీపు రోడ్డెక్కింది. షెడ్డు దాటగానే లారీలు తవ్విపోసిన పెద్ద గుంట ఒకటి ఉంది. పానకాలు పేరమ్మ తల వైపే చూస్తూ నిలబడ్డాడు. బండి గుంటలోకి దిగి, మెల్లగా పైకి లేచింది. ఆవిడ తల కదల్లేదు. ఫిబ్రవరిలోనే అలా వెళ్ళాల్సిన బండి అది.